గొర్రెలు లేని ఊరికి కాపరి వాక్యం

సోమవారం, ధవళేశ్వరం

మా ఊళ్ళో గొర్రెలు లేవు. కొబ్బరి తోటలున్నాయి, పంట కాలువ ఉంది, గేదెలున్నాయి. గొర్రె మాత్రం ఆదివారం మాంసం కొట్టు దగ్గర తప్ప కనిపించదు. అయినా ఊహ తెలిశాక నా నోటికి వచ్చిన మొదటి వాక్యం బైబిల్లో 23వ కీర్తన మొదటి లైను, "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు". సండే స్కూల్లో అది తప్పుల్లేకుండా అప్పజెప్పినందుకు నాకొక రంగుల బొమ్మ ఇచ్చారు. దూదిపింజెలాంటి గొర్రెపిల్లను భుజాన వేసుకుని యేసు ప్రభువు నవ్వుతూ నిలబడి ఉంటాడు. బట్టల మీద మట్టి మరక ఒక్కటి లేదు.

పోయిన వారం సంఘపు పెద్ద ఒకాయన ఫోన్ చేశారు. "ఏం బాబూ, వచ్చే ఆదివారం ఊళ్ళో ఉంటావంట కదా, మీ అమ్మ చెప్పింది. వాక్యం నువ్వే చెప్పాలి. కాపరి కీర్తన తీసుకో" అన్నారు. మాది బ్రదరన్ సంఘం. జీతం తీసుకునే పాస్టరు గారు ఉండరు. పెద్దలే నడుపుతారు, కాస్త చదువుకున్నవాడు దొరికితే వాడికి వాక్యం, అంటే ప్రసంగం, అప్పగిస్తారు. సెలవు దొరకదని తప్పించుకుందామంటే ఆ సాకు కూడా లేదు. హైదరాబాదులో నేను పదహారేళ్ళు లెక్కలు రాసిన కంపెనీ ఫిబ్రవరిలో మమ్మల్ని కొంతమందిని ఇంటికి పంపించేసింది.

ఒప్పుకున్నాక టెన్షన్ పట్టుకుంది. నలభై నాలుగేళ్ళొచ్చాయి, గొర్రెను ముట్టుకుని ఎరగను. వారం ముందే బయల్దేరి డెల్టాలో ఎక్కడైనా గొర్రెల మందను పట్టుకుందామనుకున్నాను. "ఉద్యోగం వెతుక్కోవయ్యా అంటే గొర్రెల్ని వెతుక్కుంటానంటావేంటి" అంది మా ఆవిడ. అయినా పులిహోర కట్టి ఇచ్చింది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి పొద్దున్నే రాజమండ్రిలో దిగాను.

గొర్రెల కోసం బయల్దేరినవాడు ధవళేశ్వరం ఎందుకు వెళ్ళాలి అంటే, కీర్తనలో గొర్రెలెంత ఉన్నాయో నీళ్ళూ అంత ఉన్నాయి. "శాంతికరమైన జలములయొద్ద నన్ను నడిపించుచున్నాడు." మా వైపు శాంతంగా పారే నీళ్ళన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర తలుపులెత్తితే కాలువలు కదులుతాయి. అంతకుముందు గోదావరి శాంతికరమైన జలమేమీ కాదు. 1833లో కరువు, 1839లో ఉప్పెన. వస్తే ముంచింది, రాకపోతే ఎండబెట్టింది. 1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ ఆ తర్వాతి కాలానిది. కాటన్ గట్టి క్రైస్తవ విశ్వాసి. గోదావరి స్నానానికి వచ్చిన పురోహితులు సంకల్పంలో ఆయన పేరు కలిపి భగీరథుడంటారు. ఆ రెండూ ఒకే మనిషి గురించి కావడం నాకు చిన్నప్పటి నుంచీ గర్వం.

కాటన్ మ్యూజియంలో ఒక గంట తిరిగి బ్యారేజీ మీదికి వెళ్ళాను. మే నెల కదా, మరమ్మతుల కోసం కాలువలు కట్టేశారు. ఏటిలో ఇసుక తిన్నెలు మెరుస్తున్నాయి. కాలువ అడుగున బురద నెర్రెలు విచ్చి, విరిగిన వినాయకుడి చెయ్యి ఒకటి పైకి లేచి ఉంది. శాంతికరమైన జలాలు చూద్దామని నేను ఎంచుకున్న వారం ఇది!

మంగళవారం, నరసాపురం

నిడదవోలు, తణుకు, పాలకొల్లు మీదుగా బస్సులో నరసాపురం. దారంతా కిటికీకి అతుక్కునే ఉన్నాను, ఒక్క గొర్రె కనబడలేదు. రొయ్యల చెరువులు మాత్రం కనబడ్డాయి. నీళ్ళలో చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి.

నరసాపురం మాలాంటి సంఘాలకు పుట్టిల్లు. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు భార్యలతో సహా బయల్దేరి వచ్చారు. వెనక వాళ్ళను పోషించే పెద్ద మిషన్ ఏదీ లేదు. దేవుడు చూసుకుంటాడని ఓడెక్కారు. తర్వాత ధవళేశ్వరంలో ఆనకట్ట పని జరుగుతుంటే ఆ వేలమంది కూలీల మధ్యకు వెళ్ళి బౌడెన్ సువార్త చెప్పాడు. నిన్న నేను నిలబడి చూసిన చోటే. మిషనరీ కుటుంబాలు నేర్పిన లేసు అల్లిక ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ కూడు పెడుతోంది. నేను దిగిన మా పెద్దమ్మ గారింట్లో వదిన టీవీ చూస్తూ, చేతుల వైపు చూడకుండానే అల్లుతోంది.

"గొర్రెలా? పొట్టేలు మాంసం కావాలంటే మార్కెట్లో దొరుకుతుంది కదా" అన్నాడు అన్నయ్య. విషయం చెబితే నవ్వి, బండి తాళం చేతిలో పెట్టాడు.

బుధవారం, పోడూరు నుంచి ఆచంట దారి

ముందు దొరికినవి గొర్రెలు కావు, బాతులు.

పోడూరు దాటాక కోసేసిన దాళ్వా (రెండో పంట) చేలో నేల కదిలినట్టు అనిపించింది. బండి ఆపి చూస్తే వందల బాతులు. మిషన్ కోతలో రాలిన గింజలు, నత్తలు ఏరుకుంటున్నాయి. గట్టు మీద ఒక కుర్రాడు, చేతిలో పొడవాటి వెదురు గడ, దాని చివర పాత ప్లాస్టిక్ సంచి. గడ ఎడమకు వంచితే మంద కుడికి జరుగుతుంది. కొట్టడు, అరవడు. నెల్లూరు వైపు నుంచి లారీలో వచ్చారట. రాత్రి వలకట్టులో పడుకోబెడితే తెల్లారేసరికి గుడ్లు. ఏరుకుని, అమ్ముకుని, ఇంకో చేనుకు.

"మీ బాతులకు పేర్లుంటాయా తమ్ముడూ?"

"ఎన్నిటికని పెడతామన్నా. కుంటిదానికి మాత్రం ఉంది."

దాని పేరు చెప్పలేదు, నేనూ మళ్ళీ అడగలేదు. మా డెల్టాలో పుట్టినవాడు కీర్తన రాసుంటే కాపరి చేతిలో దుడ్డుకర్ర బదులు ఈ సంచి కట్టిన గడ ఉండేదేమో. గొర్రెల మంద జాడ చెప్పింది కూడా ఆ కుర్రాడే. "ఆచంట పోయే దారిలో నిన్న రాత్రి ఒంగోలోళ్ళ మంద వేశారు, ఈపాటికి చింతచెట్టు కాడ ఉంటారు."

చెప్పినట్టే ఉన్నారు. నేను ఊహించుకున్న గొర్రెలు మాత్రం లేవు. ఉన్నీ లేదు, బొమ్మలోలా ఒళ్ళంతా తెలుపూ కాదు. పొడుగాటి కాళ్ళు, నున్నటి ఒళ్ళు, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలు, ఒక్కోటీ దూడంత ఎత్తు. నెల్లూరు జుడిపి జాతి. కంపు ముందుగా వచ్చి పలకరించింది. నలుగురు మనుషులు, నాలుగు వందల పైచిలుకు జీవాలట. వాళ్ళు గొర్రె అనరు, జీవం అంటారు. "జీవాలు పడుకున్నాయి, బండి అక్కడే ఆపు సామీ" అన్నాడు తలగుడ్డ కట్టిన పెద్దాయన. అదే ఆయన నాతో అన్న మొదటి మాట.

చింత నీడలో అన్నీ పడుకుని నెమరు వేస్తున్నాయి. పడుకోబెట్టడం తేలికేనా అని అడిగాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. కడుపు నిండకపోతే పడుకోవు, కుక్క వాసన తగిలితే పడుకోవు, జోరీగలు ముసిరితే పడుకోవు. ఇన్ని చూసుకుంటే అవే పడుకుంటాయి, ఎవరూ పడుకోబెట్టక్కర్లేదు. "పచ్చికగల చోట్లను ఆయన నన్ను పరుండజేయుచున్నాడు" అన్న మాట నేను ఎన్ని వందలసార్లు గడగడా చదివి దాటేశానో.

నీళ్ళ గోలే పెద్ద గోల. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, జీవాలు తాగడానికి మాత్రం చుక్క లేదు. కాలువ ఎండింది. రొయ్యల చెరువుల నీళ్ళు ఉప్పు. మురుగునీరు పోయే కోడులో కదలని నీళ్ళున్నాయి, చూడ్డానికి పచ్చగా, ప్రశాంతంగా. వాటి దగ్గరికి పోయిన జీవాన్ని పెద్దాయన గట్టిగా అదిలించాడు. ఆ నీళ్ళలో నత్తలుంటాయి, నత్తలున్న చోట గడ్డి మేసి నీళ్ళు తాగితే కార్జంలో జలగ పడుతుంది, నట్టల మందు తాగించినా అన్నీ బతకవు. కదలని నీరంటే శాంతికరమైన నీరనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. చివరికి ఒక రైతు బోరు మోటారు వేస్తే, పొలం మడిలోకి వదిలిన నీళ్ళ దగ్గరికి వంతులవారీగా తోలారు. ఆ బోరు కోసం పెద్దాయన పొద్దుటి నుంచి ముగ్గురు రైతుల్ని బతిమాలాడు. ఒకాయన ఫోన్ పెట్టేశాడు. ఆ సంగతి జీవాలకు తెలీదు. దాహం తీరేదాకా తాగి, తలలెత్తి, నా వైపు అపనమ్మకంగా చూశాయి.

గురువారం, మంద దగ్గర

రాత్రికి ఉంటానంటే వాళ్ళకు నా మీద అనుమానం వచ్చింది. పశువుల ఆఫీసు మనిషివా, పేపరోడివా అని అడిగారు. చర్చిలో మాట్లాడాలి, అందుకు గొర్రెల గురించి తెలుసుకోవాలి అంటే నలుగురూ ఒకేసారి నవ్వారు. తర్వాత ఏ ఇబ్బందీ లేదు.

పగలంతా వాళ్ళ వెనకే తిరిగాను. రాసుకోవడానికి తెచ్చుకున్న నోట్‌బుక్కులో సగం పేజీ ఒక గొర్రెపిల్ల నమిలేసింది. మధ్యాహ్నం పెద్దాయన ఒక పొట్టేలును కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుని, కొమ్ము మొదట్లో పుండును పుల్లతో గీకి పురుగులు తీసి, కర్పూరం కలిపిన వేపనూనె పోసి తల నిమిరాడు. పొట్టేలు తన్నింది, ఈయన బూతు తిట్టాడు, మళ్ళీ నిమిరాడు. "నూనెతో నా తల అంటియున్నావు." అదేదో పెళ్ళివారి అత్తరు పూసినట్టుంటుందని నేను అనుకునేవాణ్ణి.

చెట్టు కొమ్మలు వంచడానికి దోటి ఒకటి, చేతిలో చిన్న దుడ్డుకర్ర ఒకటి. కీర్తనలోనూ దుడ్డుకర్ర, దండం రెండూ ఉన్నాయి. ఒకటి కుక్కలకు, ఒకటి కూటికి అని నాకు ఈరోజే తెలిసింది. జీవాన్ని దుడ్డుకర్రతో కొడతారా అంటే, "కొడితే కాలిరుగుద్ది, మళ్ళీ మోసేది నేనే గదా" అన్నాడు.

పొద్దు వాలాక ఒక రైతు చేలో మంద వేశారు. చుట్టూ గుంజలు పాతి వల కట్టి జీవాల్ని లోపలికి తోలారు. పసిపిల్లల్ని గంపల కింద మూశారు. రాత్రంతా పడే పెంటకూ, ఉచ్చకూ రైతు డబ్బులిస్తాడు. తొలకరిలో ఆ చేనుకు ఎరువు బస్తాలు తగ్గుతాయి. లెక్కలు రాసినవాణ్ణి కాబట్టి లోపలికి వెళ్తుంటే లెక్కపెట్టబోయాను. నూట నలభై దగ్గర తప్పిపోయాను. పెద్దాయన లెక్కే పెట్టలేదు. ఊరికే చూస్తూ నిలబడి, "తెల్ల చెవిది రాలేదు" అన్నాడు. ఒక కుర్రాడు టార్చి పట్టుకుని పరుగెత్తి, గట్టు అవతల తుమ్మకంపలో ఇరుక్కున్న దాన్ని తెచ్చాడు. అంకె తెలీకుండా లోటు ఎలా తెలుస్తుందో నాకు అంతుపట్టలేదు. ఇంట్లో నలుగురు పిల్లలుంటే అన్నానికి కూర్చోబెట్టేటప్పుడు తల్లి లెక్కపెడుతుందా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

అన్నం, వంకాయ పచ్చడి తిన్నాక ఆ కథ ఎత్తాను. నూరు గొర్రెలున్నవాడు ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదిని అడవిలో వదిలి దాన్ని వెతకడానికి పోతాడని మా గ్రంథంలో ఉంది, నువ్వు పోతావా అని.

"వదిలి పోతే వచ్చేసరికి తొంభై తొమ్మిదీ ఉండవు సామీ. ఎవరికో ఒకరికి అప్పజెప్పి పోతాం" అన్నాడు. ఆ తొంభై తొమ్మిదీ ఎవరి చేతుల్లో ఉన్నాయో ఏ బోధకుడూ చెప్పగా నేను వినలేదు. ఈయన మాత్రం ముందు వాటి సంగతే అడిగాడు.

కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు. పోయినేడు మొగల్తూరు వైపు ఉండగా ఒక పిల్ల కనపడకపోతే తమ్ముడికి మంద అప్పజెప్పి రాత్రంతా తిరిగాడు. తెల్లారాక రొయ్యల చెరువులో కనబడింది. ఆ చెరువుకు గట్టు పొడుగునా నల్ల ప్లాస్టిక్ షీటు పరిచారు. దిగిన జీవం జారుతుందే గానీ ఎక్కలేదు. షీటు మీద గిట్టల గీతలు మొత్తం ఉన్నాయట. ఎంతసేపు ఎక్కబోయిందో ఆ గీతలే చెప్పాయి. "నేను అదే గట్టున రెండుసార్లు పోయినా. చీకట్లో నల్లషీటు మీద ఏం కనపడుద్ది."

దానికి నా దగ్గర వాక్యం లేదు. నోట్‌బుక్కు మూసేశాను.

పదకొండు దాటాక కుక్కలొచ్చాయి. ముందు ఒకటి, తర్వాత నాలుగైదు. వల చుట్టూ తిరుగుతుంటే మంద మొత్తం ఒక మూలకు ఒత్తుకుంది. ఆ ఒత్తిడికి గుంజలు వంగాయి. నలుగురూ నాలుగు వైపులా లేచారు. నేను లేచి ఎటు పోవాలో తెలీక గంపల దగ్గర నిలబడ్డాను. చేతిలో ఫోన్ లైటు. పావుగంటలో అంతా సర్దుకుంది, కానీ పెద్దాయన మళ్ళీ పడుకోలేదు. గొంగళి కప్పుకుని కూర్చుని సన్నగా ఏదో పాడుకుంటున్నాడు. కాటమరాజు కథట. వానలు లేక మందల్ని దక్షిణానికి తోలుకుపోవడం, పుల్లరి (మేత పన్ను) దగ్గర నల్లసిద్ధి రాజుతో తగవు. గొల్లలు తరతరాలుగా చెప్పుకునే కథ. ఆయన దేవుడు వేరు, నా దేవుడు వేరు. ఆ చీకట్లో మాత్రం ఆయన గొంతు వినబడినంత మేరా జీవాలు ఒక్కొక్కటీ మోకాళ్ళ మీద వాలి పడుకోవడం చూశాను. నాకూ నిద్రొచ్చింది.

నిద్రపోయే ముందు ఒక్కటి అడిగాను. రేపు ఎటు పోతారు?

"తెలీదు. పొద్దున రైతు ఫోన్ చేస్తే అటు."

"మరి నెలాఖరుకి?"

"నెల సంగతి నాకేం ఎరిక సామీ. రేపటి నీళ్ళు యాడున్నయ్యో చూసొచ్చినా, అంతే."

ఫిబ్రవరి నుంచి నేను చేస్తున్న ప్రార్థన ఏమిటంటే, ప్రభువా, రాబోయే అయిదేళ్ళూ ఎలా ఉంటాయో చూపించు. ఇంటి అప్పు వాయిదాలు, పెద్దదాని ఇంజనీరింగ్ ఫీజు, అమ్మను ఊళ్ళో ఒంటరిగా ఉంచాలా వద్దా, అన్నీ ఒక కాగితం మీద గీసి చూపించమని. గొంగళి ఇవ్వబోతే వద్దన్నాను. తెల్లవారుజామున ఎందుకు వద్దన్నానా అనిపించింది.

శుక్రవారం, వశిష్ఠ దాటి

వెలుగు రాకముందే మంద కదిలింది. రోడ్డు వరకూ వాళ్ళతో నడిచాను. యోహాను సువార్తలో కాపరి గొర్రెలకు ముందుగా నడుస్తాడని ఉంది. ఇక్కడ ఒక కుర్రాడు ముందు నడుస్తున్నాడు, పెద్దాయన అందరికంటే వెనక ఉన్నాడు. అదేంటి, పెద్దవాళ్ళు కదా ముందుండాలి అన్నాను. ముందు నడిచేవాడికి దారి తెలిస్తే చాలు, కుంటివీ, ఈనబోయేవీ, భయపడేవీ అన్నీ వెనకే మిగులుతాయి, పని వెనకే ఎక్కువ అన్నాడు. ఆయన చంకలో రాత్రి పుట్టిన పిల్ల ఒకటి తల వేలాడేసి ఉంది. ఇటుకల లారీ హారన్ కొట్టుకుంటూ వస్తే, వెనక్కి తిరిగి రోడ్డుకు అడ్డంగా చెయ్యి చాపి నిలబడ్డాడు.

బండి అన్నయ్యకు అప్పజెప్పి నరసాపురం రేవులో వశిష్ఠ పాయ దాటే పంటు ఎక్కాను. అవతల సఖినేటిపల్లి. పంటు మీద మోటారు సైకిళ్ళు, అరటి గెలలు, పెళ్ళికి పోతున్న ఆడవాళ్ళు. నా చొక్కా వాసనకు ఒకావిడ ముక్కు మూసుకుని జరిగి కూర్చుంది. నీళ్ళ మధ్యలోకి రాగానే కీర్తన చివరి వచనంలో మాట గుర్తుకొచ్చింది: "కృపాక్షేమములే నా వెంట వచ్చును." వెంట అంటే తోడుగా అనే అనుకునేవాణ్ణి. మూలభాషలో ఆ క్రియకు తరుముతూ వెంటపడడం అనే అర్థమట. వెనక నడిచే పెద్దాయన, లారీకి అడ్డంగా చాపిన చెయ్యి... పెన్ను తీసి రాసుకుందామంటే పంటు ఊగిపోతోంది.

రాజోలు, తాటిపాక మీదుగా పి.గన్నవరం. వైనతేయ పాయ మీద అక్విడక్టు (కాలువను మోసే వంతెన) దాటేటప్పుడు బస్సులో ఎవరో పెద్దావిడ చేతులు జోడించింది. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో లంకల గన్నవరంలో ఉంటూ, ఏ వేళలో వచ్చిన ఆకలిగొన్నవాడికైనా అన్నం పెట్టిన ఇల్లాలు. మా అమ్మకు కీర్తనలో "నీవు నాకు భోజనము సిద్ధపరచుదువు" అన్న చోట ఆవిడే గుర్తొస్తుందట. సంఘంలో పైకి అనదు గానీ నాతో రెండుసార్లు అంది.

అంబాజీపేట దాటి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. అమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"ఏరా, ఏంటా కంపు? ముందు నూతి దగ్గరికెళ్ళు, ఎళ్ళు."

శనివారం

ఆవకాయ రోజు. మామిడికాయలు కొట్టడానికి కత్తిపీట దగ్గర నన్నే కూర్చోబెట్టింది. వాక్యం తయారు చేసుకోవాలమ్మా అంటే, చేతులు పని చేస్తుంటే నోరు అదే తయారవుద్ది అంది. వేలు తెగింది.

ఆదివారం

మందిరం మా చిన్నప్పటిదే, రేకులు మాత్రం కొత్తవి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు పాత పైకప్పు ఎగిరిపోయింది. మగవాళ్ళు ఇటు, ఆడవాళ్ళు ముసుగులతో అటు, మధ్యలో చాపల సందు. రొట్టె విరిచాక నన్ను లేవమన్నారు.

రాసుకున్న పాయింట్లు ఏడు. మూడోదానికే దారి తప్పి మా నాన్న గురించి మాట్లాడాను. నాన్న కొబ్బరి ఒలుపు కూలీ. ఆ తుఫానుకు తోటలకు తోటలు నేలకూలాయి. కాయ లేదు, ఒలుపు లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది. ఆ చలికాలం సాయానికొచ్చిన బియ్యం తిన్నాం. ఒక రాత్రి ప్రార్థనలో నాతో ఈ కీర్తనే చదివించాడు. నాకు పదిహేనేళ్ళు, మొదటి లైను దగ్గరే ఆగిపోయాను. "లేమి కలిగింది కదా నాన్నా" అన్నాను. నాన్న కోప్పడలేదు, జవాబూ చెప్పలేదు. "చదువు, మిగతాది కూడా చదువు" అన్నాడు. మిగతాదాంట్లో గాఢాంధకారపు లోయ ఉంది, శత్రువులున్నారు. రాసినవాడికి అవన్నీ తెలిసే మొదటి లైను రాశాడని ఆ వయసులో నాకు తట్టలేదు.

తర్వాత మంద గురించి చెప్పాను. మురుగు కోడు, బోరు, వేపనూనె, వెనక నడిచే మనిషి. జీతగాడు తోడేలును చూసి పారిపోతాడని ప్రభువు చెప్పాడు కదా, ఆ పెద్దాయనతో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు జీతగాళ్ళే, కుక్కలొస్తే ముందు లేచింది వాళ్ళే అని కూడా అనేశాను. ముందు వరసలో సంఘపు పెద్ద ఒకరు గొంతు సవరించుకున్నారు. రొయ్యల చెరువు పిల్ల సంగతి చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను. మంచి కాపరి గొర్రెల కొరకు ప్రాణం పెట్టాడని నమ్ముతున్నాను, అయినా ఆ గిట్టల గీతలు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పి కూర్చున్నాను. పదకొండు నిమిషాలు పట్టింది. మా వాళ్ళకు నలభై నిమిషాలు అలవాటు.

బయట చెప్పుల దగ్గర సంఘపు పెద్ద ఒకాయన "బాగుంది బాబూ, రక్షణ గురించి కూడా ఓ మాట అని ఉంటే" అన్నారు. నిజమే. రొయ్యల చెరువులో కూలికి పోయే ఒకావిడ మాత్రం నన్ను పక్కకు పిలిచింది. వాళ్ళ చెరువు షీటు మీద తాడు నిచ్చెన వేలాడదీస్తే కుక్కపిల్లలైనా ఎక్కొస్తాయి కదా, యజమానితో చెప్తానంది.

ఇంటికొచ్చి అన్నం తింటుంటే అమ్మ అడిగింది. "అయితే ఆ మనుషులకి కూరా నారా ఎవరు పెడతార్రా?"

"వాళ్ళే వండుకుంటారమ్మా. పచ్చళ్ళతోనే సరిపెట్టుకుంటారు."

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. సాయంత్రం చూస్తే ఆవకాయ జాడీ ఒకటి మూతికి గుడ్డ కట్టి నా సంచి పక్కన ఉంది. కొత్త ఆవకాయ ఇంకా ఊరలేదు, నిరుటిది. ఇంట్లో మిగిలిన చివరి జాడీ.

మళ్ళీ సోమవారం

హైదరాబాదు టికెట్టు రాత్రికి. పొద్దున్నే జాడీ ఒళ్ళో పెట్టుకుని చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, అక్కడి నుంచి ఆటోలో ఆచంట దారి. చింతచెట్టు ఉంది, మంద లేదు. మంద వేసిన చేలో నల్లటి పెంట పరుచుకుని ఉంది, గుంజలు పాతిన గుంటలు ఉన్నాయి. రైతు గట్టు మీద నిలబడి చూసుకుంటున్నాడు.

"గొర్రెలోళ్ళాండీ? శుక్రవారం పొద్దున్నే కదిలిపోయారండి."

"ఎటండీ?"

"ఆయ్, అది తెలీదండి. ఎవరో రైతు ఫోన్ చేశాడండి." చెయ్యి పడమటికి ఊపాడు, మళ్ళీ కాస్త దక్షిణానికి.

పెద్దాయన నంబరు తీసుకోలేదు. ఆటో అతను ఉండమంటారా పోమంటారా అని అడిగాడు. పొమ్మన్నాను. జాడీ చంకన పెట్టుకుని గట్టు దిగి చూస్తే, ఎండిన బోదెలో చిన్న చిన్న గిట్టల అచ్చులు, పక్కనే వెడల్పు చెప్పుల అచ్చు ఒకటి, వాటన్నిటికీ వెనగ్గా. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. తలకు తువ్వాలు చుట్టుకుని అటు నడిచాను.